చిట్టా చదవడం నేర్చుకుందాం

మన యూనియన్ వెబ్‌సైటుకి "లక్ష హిట్లు" వచ్చాయని పోయినేడు వార్షికోత్సవం నాడు వేదిక మీద చదివారు. చప్పట్లు మారుమోగాయి. నేనూ కొట్టాను. ఆ సైటు బాగోగులు చూసే పని యీ యేడు నా నెత్తిన పడ్డాక, ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవాలనిపించింది. ఎందుకో చెప్పడానికే యీ నాలుగు మాటలు.

వెబ్ సర్వర్ ఒక నమ్మకమైన గుమాస్తా లాంటిది. ఎవరొచ్చి ఏది అడిగినా లాగ్ ఫైల్లో ఒక వరస రాసిపెడుతుంది. అడిగిన యంత్రం ఐపి చిరునామా, తేదీ, సమయం, అడిగిన ఫైలు, ఇచ్చిన జవాబు తాలూకు అంకె, పంపిన బైట్లు. చాలాచోట్ల ఏ లింకు పట్టుకుని వచ్చారో, ఏ బ్రౌజరుతో వచ్చారో కూడా వుంటుంది. మన పెద్దల భాషలో ఇది కొట్టు చిట్టా. జరిగింది జరిగినట్టు రాసింది. పద్దులవారీగా విడదీసి ఆవర్జా కట్టకపోతే లాభమో నష్టమో తెలీదు. ఆ ఆవర్జా కట్టే ప్రోగ్రాములు అనలాగ్, వెబలైజర్ వంటివి 1990ల నుంచే వున్నాయి. దమ్మిడీ ఖర్చు లేదు. కావలసింది చదివే ఓపిక.

ఇక ఆ లక్ష సంగతి. హిట్ అంటే మనిషి కాదు, చిట్టాలో ఒక వరస. ఫోటోల పేజీలో 40 బొమ్మలుంటే, ఒక్క కుర్రాడు ఒక్కసారి తెరిచినా పేజీకి ఒకటి, బొమ్మలకు 40, వెరసి 41 వరసలు పడతాయి. ఆ పైన మనుషులే కాని అతిథులు. గూగుల్‌బాట్ వంటి సెర్చి యంత్రాలు, కృత్రిమ మేధ కంపెనీల కోసం పేజీలు ఏరుకుపోయే ప్రోగ్రాములు, మన సైట్లో లేనేలేని వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం తలుపు తట్టిచూసే దొంగలు! వీళ్ళందర్నీ తీసేస్తే మిగిలేది వేదిక మీద చదివే అంకె కాదు.

పోనీ మిగిలిందైనా నిక్కచ్చి లెక్కా అంటే, అదీ కాదు. హాస్టల్ మొత్తం ఒకే ఐపి చిరునామాతో బయటికి వస్తుంది. వందమంది ఒక్కడుగా కనిపించవచ్చు. ఒకసారి చూసిన పేజీని బ్రౌజరు దాచుకుంటే, రెండోసారి చూసినట్టు సర్వర్‌కి తెలియకనే పోవచ్చు. తలలు లెక్కపెట్టడానికి చిట్టా పనికిరాదు.

మరి దేనికి పనికొస్తుంది? మన తప్పులు మనకు చూపడానికి. జవాబు అంకెల్లో 200 అంటే అడిగింది ఇచ్చాం, 404 అంటే అడిగింది దొరకలేదు. పాత చిట్టాలు తిరగేస్తుంటే స్కాలర్‌షిప్ ఫారం ఎదురుగా 404లు బారులు తీరి వున్నాయి. ఫైలు పేరు మార్చినవాళ్ళు నోటీసులోని లింకు మార్చలేదు. అడిగినవాళ్ళంతా ఆ నోటీసు పట్టుకునే వచ్చారు. ఎక్కువ భాగం రాత్రి పదకొండు దాటాక, సెల్‌ఫోన్ల నుంచి. గడువు తేదీ దాటగానే వరసలు ఆగిపోయాయి. ఎవరూ వచ్చి అడగలేదు. మాకు తెలిసుంటే అర నిమిషంలో సరిచేసే పని. చిట్టా రోజూ చెబుతూనే వుంది, మేమే చదవలేదు. ఆ ఫారం దొరక్క ఎంతమంది ఫీజు కోసం అప్పు చేశారో ఏ లాగూ చెప్పదు. అదే యేడు మనం లక్ష హిట్లకి చప్పట్లు కొట్టుకున్నాం!

ఇంకో సంగతి కూడా చెప్పక తప్పదు. మెస్ మీద పేరు లేకుండా ఫిర్యాదు రాసే పేజీ మన సైట్లో వుంది. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "ఫలానా రాత్రి రాసిందెవడో నీ లాగులో తెలుస్తుందిగా, కాస్త చూసి చెప్పవయ్యా" అన్నారు. "అది చెయ్యలేనండీ" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. వచ్చినా ఇప్పటికీ నాది అదే మాట. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. సైబర్ భద్రత కోసం లాగులు 180 రోజులు భద్రపరచమని సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించిన మాటా నిజమే. భద్రపరచడం వేరు, తొంగిచూడడం వేరు. చట్టప్రకారం అడిగేవారికి ఇవ్వాల్సిందే. కోపం కొద్దీ అడిగేవారికి ఇస్తే రేపు ఆ పేజీలో ఎవరూ నిజం రాయరు.

కొత్తగా ఎన్నికయ్యే కమిటీకి నా మనవి మూడు ముక్కల్లో. వార్షిక నివేదికలో హిట్లు చదవడం మానండి. వారానికొకసారి 404 వరసలు చూసి, లింకులు బాగుచేసి, ఎన్ని బాగుచేశారో అది చదవండి. లాగులు ఇద్దరి చేతుల్లోనే వుంచి, గడువు తీరాక చెరిపెయ్యండి.

అప్పుడు కొట్టే చప్పట్లు వెనక్కి తీసుకోవలసిన పని వుండదు.