కూతగాడికి ఆరు వేలు, పట్టేవాడికి బస్ చార్జీ కూడా లేదా?



సంక్రాంతి టోర్నమెంట్‌కి బయట నుంచి ఒక రైడర్ని ఆరు వేలకు తెద్దామని నిన్న గ్రూపులో చాలామంది లైక్ కొట్టినారు. దానికోసం పుంగనూరు లెఫ్ట్ కార్నర్ తమ్ముడిని పక్కన పెడతారంట. నేను ఒప్పుకోను.

మనకి పేరు మోసిన కూతగాడంటే పిచ్చి. తెలుగు టైటాన్స్‌కీ అదే పిచ్చి. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. పవన్ ఆడలేదా? బ్రహ్మాండంగా ఆడినాడు. అయినా టీమ్ 22 మ్యాచుల్లో గెలిచింది రెండే, ఆఖరి స్థానం. అదే వేలంలో పుణేరి పల్టన్ 2.35 కోట్లు పెట్టి ఇరాన్ వాడు షాద్లూయీని తీసుకుంది, పట్టడానికి. కప్పు వాళ్లకే పోయింది. మరుసటి ఏడు అతను హర్యానాకి పోయినాడు, కప్పూ హర్యానాకే పోయింది. అతనొక్కడి వల్లే అనను, పుణేలో అస్లాం లాంటి రైడర్లూ ఉండారు.

పర్దీప్ నర్వాల్ పాట్నాకి మూడు కప్పులు తేలేదా అంటారు. తెచ్చినాడు. మరి 2021లో అతను 1.65 కోట్లకు యూపీకి పోయినాక ఏమైంది? యూపీకి కప్పు రాలేదు. అతను లేని పాట్నా ఆ సీజన్లోనే లీగ్ టాపర్‌గా ఫైనల్‌కి పోయి ఒక్క పాయింట్‌తో ఓడింది. అప్పుడు పాట్నాలో కార్నర్ ఎవరనుకున్నారు? ఈ షాద్లూయీనే.

కూతకి ముప్పై సెకన్లు. ఒకసారి మనది, ఒకసారి వాళ్లది. అంటే సగం ఆట పట్టడమే కదప్పా! ఆరు వేల కూతగాడు అవుటై బయట కూర్చుంటే ఎవరు లోపలికి తెస్తారు? ఎదుటోడి మడమ పట్టుకున్నోడే.

ఆ తమ్ముడు తెల్లారుజామున మదనపల్లె టమోటా మండీలో క్రేట్లు మోసి, సాయంత్రం ప్రాక్టీసుకి వస్తాడు. పోయినేడు కుప్పం వాళ్ల మీద ఆఖరి కూతలో పట్టింది అతనే. వీడియోలో మాత్రం మన రైడర్ తొడ కొట్టడమే పెట్టినాం, నేనే పెట్టినా.

ఆ ఆరు వేలు మన హాస్టల్ పిల్లలు తలా వంద వేసిన డబ్బు. టోర్నమెంట్ రెండు రోజులకి తమ్ముడి కూలి, బస్ చార్జీ, మోకాలి క్యాపులు అందులోంచే ఇద్దాం. కూతకి మన కుప్పం పిల్లోడు ఉండనే ఉండాడు. ఆదివారం లోపల ఓటింగ్ పెట్టండి అడ్మిన్ అన్నా. బయటోడే కావాలంటే నా వంద నాకు ఇచ్చేయండి, తమ్ముడి టికెట్ నేనే తీస్తా.