బీరువాలో బంగారం, కార్డు మీద బాకీ
లక్ష రూపాయల క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం లెక్కన ₹3,500 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో ₹630. కనీస మొత్తమంటూ ₹5,000 కడితే అసలులో తీరేది ₹870. ఇలా నెలనెలా కడుతున్న ఎన్నో ఇళ్లలో ఆ బాకీకి సరిపడా బంగారం బీరువాలోనో లాకర్లోనో ఉంటుంది. దాని మీద బ్యాంకులో ఏడాదికి పది శాతానికి అప్పు తెచ్చి కార్డు మొత్తం తీర్చేస్తే నెల వడ్డీ ₹850 దాటదు. లెక్క తెలియక కాదు మనవాళ్లు ఆగేది, పరువు అడ్డొస్తుంది. గొలుసు తాకట్టుకు వెళితే పెళ్లిళ్లలో మెడ బోసిపోయి కనబడుతుంది, అత్తవారు అడుగుతారు. కార్డు బాకీ ఎవరికీ కనబడదు. నా దృష్టిలో దాన్ని పెంచుతున్నది ఆ కనబడకపోవడమే. నలుగురికీ తెలిసిన అప్పును ఇల్లంతా కలిసి తీరుస్తుంది. ఒక్కరి ఫోన్లో దాగిన అప్పుకు ఆ తోడు దొరకదు. అందుకే పర్సనల్ లోన్ కన్నా ముందు నగల వైపు చూడమంటాను, అదీ ఆలుమగలు కూర్చుని మాట్లాడుకున్నాకే. నగ ఆమెదైతే నిర్ణయమూ ఆమెదే. కట్టకపోతే వేలం వేస్తారన్న భయం నిజమే. కాబట్టి కార్డుకు కడుతున్న ఆ ఐదు వేలను ఒక్క నెలా తప్పకుండా బంగారం అప్పుకు మళ్లించాలి. ఏడాది గడువైతే తిరగరాయించుకున్నా రెండేళ్లలోపే నగ ఇంటికొస్తుంది. మధ్యలో అసలు కొంచెం కొంచెంగా కట్టే వీలుందో లేదో మాత్రం సంతకానికి ముందే అడగండి.