అట్టముక్కకు లక్ష రూపాయలా?

మా తమ్ముడు ఏడో తరగతి చదువుతున్నాడు. పోయిన దసరాకు మా నాయన వానికి బాగేపల్లిలో ఒక క్రికెట్ బ్యాటు కొనిచ్చినాడు. నెల తిరక్కముందే వాడు ఆ బ్యాటును ఇంకో పిల్లోనికి ఇచ్చేసి, దానికి బదులుగా ఒక అట్టముక్క తెచ్చుకున్నాడు. మెరిసే అంచు ఉన్న క్రికెట్ కార్డు అది. పిల్లోళ్లందరూ దాన్ని గోల్డ్ కార్డు అంటారు.

"అక్కా, ఇట్లాంటిది మిట్టేమరిలో ఇదొక్కటే ఉంది. నేను పెద్దయినాక అమ్మితే లక్ష రూపాయలు వస్తాయి" అన్నాడు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, లెక్కల పుస్తకంలో దాచి, ఎవ్వరినీ ముట్టనియ్యలేదు. పదహైదు దినాలకు అంగడికి కొత్త పెట్టె వచ్చింది. ఆ పెట్టెలో నుంచి అదే ఆటగాని గోల్డ్ కార్డు ముగ్గురికి వచ్చింది. ఆ రాత్రి వాడు సంగటి ముద్ద ముట్టలేదు. బ్యాటు తీసుకున్న పిల్లోడు మాత్రం రోజూ సాయంత్రం హాయిగా ఆడుకుంటానే ఉన్నాడు.

వాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే జామెట్రీ బాక్సుకు, నోటు పుస్తకాలకు అమ్మ ఇచ్చిన దుడ్డులో 340 రూపాయలు నేను కూడా ఆ కార్డులకే పెట్టినాను. ఒక్కో ప్యాకెట్టు 10 రూపాయలు. మొత్తం 34 ప్యాకెట్లు విప్పినాను. ఒక్క గోల్డ్ కార్డు కూడా రాలేదు. పక్కింటి అక్క వాడిన పాత జామెట్రీ బాక్సు అడిగి తెచ్చుకుని పరీక్ష రాసినాను. కాబట్టి ఈ వ్యాసం ఎవరినో వేలెత్తి చూపడానికి రాసింది కాదు. మొదటి తప్పు నాదే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కార్డులతో ఆడుకోండి. కానీ కార్డులు దాచుకుంటే ధనవంతులం అయిపోతామని మాత్రం నమ్మకండి. అది అబద్ధం. ఆ అబద్ధం ఎట్లా తయారవుతుందో మా ఇంట్లోనే ఒక పెట్టె విప్పి చూసినాము.

మా చిన్నమామ అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. తమ్ముని సంగతి ఫోనులో విన్నాడు. సంక్రాంతికి ఊరికి వచ్చేటప్పుడు ఒక పెట్టె తెచ్చినాడు. అది 1990-91 నాటి హూప్స్ కంపెనీ బాస్కెట్‌బాల్ కార్డుల పెట్టె. ముప్పై ఏండ్లు దాటినా ఎవరూ విప్పలేదు. సీలు సీలుగానే ఉంది.

తమ్ముడు రెండు చేతులూ అడ్డం పెట్టినాడు. "వద్దు మామా, విప్పొద్దు! ఇంత పాతది, ఎంత ధర పలుకుతుందో!"

"ఒక పూట హోటల్లో తిన్నంత ఖర్చుకే దొరికింది అల్లుడా. విప్పు" అన్నాడు మామ.

నడవలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాము. పెట్టెలో 36 ప్యాకెట్లు, ఒక్కో ప్యాకెట్లో 15 కార్డులు. అంటే 540 కార్డులు. మొదటి పది ప్యాకెట్లు విప్పేటప్పుడు తమ్ముని చేతులు వణికినాయి. ఇరవై దాటేసరికి అవే ముఖాలు మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. ఒక్కొక్కరు మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చినారు. ప్రపంచమంతా పేరున్న మైకేల్ జోర్డాన్ కూడా వచ్చినాడు. తమ్ముడు ఎగిరి గంతేసినాడు. "ఇది ఎంత మామా?" అని అడిగితే, "రెండు మూడు డాలర్లు ఇస్తే ఎక్కువ" అన్నాడు మామ.

జోర్డాన్ అంతటివాని కార్డుకు విలువ లేకపోవడం ఏమిటి? దీనికి జవాబు ఆ మనిషిలో లేదు, అచ్చు యంత్రంలో ఉంది.

అమెరికాలో మనకు క్రికెట్ ఎట్లనో వాళ్లకు బేస్‌బాల్ అట్ల. పాత కాలంలో పిల్లలు బబుల్‌గమ్‌తో వచ్చే ఆటగాళ్ల కార్డులను సైకిలు చక్రాల పుల్లలకు తగిలించి టపటపమనిపించేవాళ్లు, గోడకు కొట్టి పందెం ఆడేవాళ్లు. పెద్దయినాక అమ్మలు వాటిని చెత్తలో పారేసేవాళ్లు. అట్ల పోగా మిగిలినవి కొన్నే. కొన్నే మిగిలినాయి కాబట్టి వాటికి ధర వచ్చింది. 1980ల్లో ఆ ధరలు చూసి జనం, "అయ్యో, మన దగ్గర ఉన్నవి పారేసుకున్నామే! ఈసారి ఒక్కటీ పారెయ్యం" అనుకున్నారు. పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండా అటకల మీద దాచినారు. ఇది చూసి కంపెనీలు ఎడాపెడా అచ్చు వేసినాయి. బాస్కెట్‌బాల్‌లో 1986లో ఫ్లీర్ ఉంటే, 1989లో హూప్స్, 1990లో స్కైబాక్స్, 1991లో అప్పర్ డెక్ వచ్చి చేరినాయి. 1992లో టాప్స్ మళ్లీ వచ్చింది. అందరూ అచ్చు వేసేవాళ్లే, అందరూ దాచేవాళ్లే. పారేసేవాళ్లే లేరు. ఇంక ధర ఎక్కడి నుంచి వస్తుంది? సుమారు 1987 నుంచి 1994 వరకు వచ్చిన ఆ కార్డులను ఇప్పుడు వాళ్లే చెత్త అని పిలుస్తున్నారు.

ఇది మనకు అమెరికా వాళ్లు నేర్పించాల్సిన పాఠం కాదు. మన చింతామణి, కోలారు రైతులకు ఇది పుట్టినప్పటి నుంచి తెలుసు. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల టమోటా బాక్సు 2,000 రూపాయలు దాటింది. ఊరూరా టమోటా నారు నాటినారు. రెండు నెలలు తిరిగేసరికి ధర దబ్బున పడిపోయింది. ధర లేనప్పుడు కోత కూలి కూడా గిట్టక రైతులు టమోటాను రోడ్డు పక్కన పారబోయడం మన కండ్లతో చూసినాము. అందరి దగ్గరా ఉండే సరుకుకు ధర ఉండదు. టమోటా బాక్సయినా, కార్డుల బాక్సయినా లెక్క ఒక్కటే.

కానీ ఒక తేడా ఉంది. అది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. 1952లో టాప్స్ కంపెనీ వేసిన బేస్‌బాల్ కార్డుల్లో కొన్ని అమ్ముడుపోలేదు. చోటు ఖాళీ చేయడానికి 1960లో వాటిని పడవలో తీసుకుపోయి అట్లాంటిక్ సముద్రంలో పారబోసినారు. ఆ వరుసలోని మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. వాళ్లు పారబోస్తే మిగిలిన అట్టముక్కకు కోట్లు. మన రైతు పారబోస్తే వానికి మిగిలేది అప్పు. టమోటా తినే వస్తువు. దాన్ని పండించడానికి నీళ్లు, ఎరువు, మూడు నెలల చాకిరీ కావాలి. అట్టముక్క ఎవరి కడుపూ నింపదు. అయినా ధర దానికే! కాబట్టి ధరను చూసి ఒక వస్తువు గొప్పదని అనుకోవడం మానుకుందాం. ధర వేరు, విలువ వేరు.

ఇప్పుడు కొంతమంది నన్ను అడుగుతారు. ఆ ప్రశ్నలు నాకు తెలుసు. అవన్నీ నేనే ఒకప్పుడు అమ్మను అడిగినాను.

"కొన్ని కార్డులు నిజంగానే లక్షలు పలుకుతాయి కదా?" పలుకుతాయి. 1986లో ఫ్లీర్ వేసిన జోర్డాన్ కార్డులు, మచ్చ లేనివి రెండు, 2021 జనవరిలో ఒక్కొక్కటి 7 లక్షల 38 వేల డాలర్లకు పోయినాయి. కానీ తర్వాత సంగతి కూడా వినండి. అదే ఏడాదిలో అదే రకం కార్డు ధర అందులో సగం కంటే కిందికి పడింది. జనవరిలో కొన్నవాని గతి ఏమిటి? పైగా ఆ ఒక్క కార్డు కథ అందరికీ తెలుసు. అటకల మీద చెదలు పట్టిన కోట్ల కార్డుల కథ ఎవరూ చెప్పరు. గెలిచినోని పేరు ఊరంతా తెలుస్తుంది, ఓడినోళ్లు ఇంట్లో మౌనంగా కూర్చుంటారు.

"ఇవి చాలా తక్కువగా వేసినారంట కదా, ప్యాకెట్టు మీదనే రాసి ఉంది?" ఎవరు రాసినారు? అమ్మేవాడే రాసినాడు. అమెరికాలో సాదా కార్డులు ఎవరూ కొనకుండా పోయినాక కంపెనీలు కొత్త ఉపాయం పట్టినాయి. మెరుపు కాగితం వేయడం, అంకె వేసి "ఇన్నే అచ్చు వేసినాము" అని చెప్పడం మొదలుపెట్టినాయి. అంటే ముందు కార్డులు అచ్చు వేసినారు, తర్వాత కరువును కూడా అచ్చు వేసినారు. మన చేతుల్లో ఉన్న గోల్డ్ కార్డు ఆ ఉపాయానికి మనవడు. రేపు ఇంకో పెట్టె రాదని మనకు ఎవరు మాట ఇచ్చినారు? మా తమ్ముడు ఆ మాట నమ్మే బ్యాటు పోగొట్టుకున్నాడు.

"10 రూపాయలే కదా?" నేనూ అట్లనే అనుకున్నాను. 34 సార్లు అనుకున్నాను. ఒక్కొక్కసారి 10 రూపాయలే, కలిపి చూస్తే ఒక జామెట్రీ బాక్సు, నోటు పుస్తకాలు. లోపల ఏముందో తెలియకుండా దుడ్డు కట్టి, ఈసారి తగులుతుంది అని ఇంకోసారి కట్టేదాన్ని మన పెద్దోళ్లు జూదం అంటారు. ప్యాకెట్టు మీద క్రికెట్ బొమ్మ ఉన్నంత మాత్రాన దాని పేరు మారదు.

ఇక్కడ పెద్దలకు కూడా ఒక మాట. కోపగించుకోకండి. కార్డులు చూసి మమ్మల్ని తిట్టే ఇండ్లలోనే, వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల నాణేన్ని లక్షలు వస్తాయని బీరువాలో దాచినవాళ్లు ఉన్నారు. 786 నంబరు నోటును మడత పెట్టకుండా దాచినవాళ్లు ఉన్నారు. పాత నాణేలు, నోట్లు కొంటామని తమ పేరు చెప్పి మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే జనాన్ని హెచ్చరించింది. ముందు ఫీజు కట్టండి, తర్వాత లక్షలు ఇస్తామంటారు. కట్టిన ఫీజు పోతుంది, 5 రూపాయల నాణెం 5 రూపాయలుగానే మిగులుతుంది. మేము గోల్డ్ కార్డును నమ్మడం మీ నుంచి నేర్చుకున్నదే. నాయన ఫోనులో వచ్చిన నాణెం వీడియోను నమ్మితే, కొడుకు ప్యాకెట్టు మీద రాతను నమ్ముతాడు. మమ్మల్ని మార్చాలంటే ముందు బీరువా తలుపు తీయండి.

ఉపాధ్యాయులకూ ఒక మనవి. మా కార్డులు లాక్కుని చించేయకండి సార్. చించితే మిగిలిన కార్డులు ఇంకా తక్కువై, వాటికి ఇంకా గిరాకీ వస్తుంది. అంటే మీరే వాటికి ధర పెంచినట్టు అవుతుంది! దానికి బదులు వాటిని లెక్కల క్లాసుకు తెప్పించండి. పరుగులు ఉన్నాయి, ఇన్నింగ్స్ ఉన్నాయి, సగటు ఎట్లా వచ్చిందో మాతో చేయించండి. ఒక గోల్డ్ కార్డు కోసం మా క్లాసంతా కలిసి ఎన్ని ప్యాకెట్లు కొన్నామో, ఎంత దుడ్డు పోయిందో బోర్డు మీద రాయించండి. ఏ ఉపన్యాసమూ అంత బాగా పని చేయదు.

మా నడవలోని 540 కార్డుల సంగతి చెప్పి ముగిస్తాను. ధర లేదని తెలిసినాకనే వాటితో మాకు అసలు ఆట మొదలైంది. కార్డు వెనక ఆటగాని ఎత్తు, బరువు, ఊరు రాసి ఉన్నాయి. మగ్సీ బోగ్స్ అనే ఆయన ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలే. మా అమ్మ ఎత్తు అంతే! మనూట్ బోల్ అనే ఆయన ఏడున్నర అడుగులు. ఆ ఇద్దరూ ఒకప్పుడు ఒకే జట్టులో ఆడినారని మామ చెప్పినాడు. తమ్ముడు గోడ మీద బొగ్గుతో రెండు గీతలు గీసి, అమ్మను కింది గీత దగ్గర నిలబెట్టి, పై గీత అందుకోవడానికి స్టూలు ఎక్కినాడు. అవ్వ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంది. ప్లాస్టిక్ కవరులో దాచిన గోల్డ్ కార్డు మా ఇంట్లో ఒక్కసారి కూడా ఎవరినీ నవ్వించలేదు.

మరుసటి దినం తమ్ముడు రెండేసి మూడేసి ఉన్న కార్డులన్నీ సంచిలో వేసుకుని బడికి వచ్చి, అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేసినాడు. నాకు ఒక ఆలోచన ఉంది. మన లైబ్రరీలో ఒక అట్టపెట్టె పెడదాం. ఇండ్లలో ఉన్న కార్డులు తెచ్చి అందులో వేద్దాం. మధ్యాహ్నం బెల్లుకు ఎవరైనా తీసుకుని ఆడవచ్చు, ఆడి మళ్లీ అందులోనే వేయాలి. అమ్మడం లేదు, కొనడం లేదు, పందెం లేదు. మొదట నా 34 ప్యాకెట్ల కార్డులు నేనే తెచ్చి వేస్తాను.

తమ్ముని బ్యాటు ఇంకా తిరిగి రాలేదు. ఆ పిల్లోనిది తప్పేమీ లేదు, వాడు ఆడే వస్తువును ఎంచుకున్నాడు. గోల్డ్ కార్డు మాత్రం ఇంకా లెక్కల పుస్తకంలోనే ఉంది. లైబ్రరీ పెట్టెలో వేస్తావా అని అడిగితే, "ఆలోచిస్తా అక్కా" అంటున్నాడు.

తోటి విద్యార్థులారా, ఈ సాయంత్రం అంగడి ముందు నిలబడినప్పుడు మీరు కూడా ఒక్క నిమిషం ఆలోచించండి.