కంటిలోని ఈగలు – లేజరు కిరణాలు

అన్ని ఇంద్రియాలలోను కన్ను ప్రధానమని పెద్దలు చెప్పిన మాట మనమందరం ఎరిగినదే. అయితే చూపు సరిగా ఉన్నంతకాలం కన్నును గురించి ఆలోచించేవారు తక్కువ. మేమూ అట్టివారిలో ఒకరమే. మూడేళ్ల క్రిందట ఒక ఉదయం పాఠం చెబుతూ కిటికీ వెలుపలి ఆకాశం వైపు చూచినప్పుడు, కంటి ముందు ఒక నల్లని నూలుపోగు తేలియాడినట్లు కనిపించింది. చేతితో తోలినాము, పోలేదు. కన్ను తిప్పిన వైపునకు అదీ తిరిగింది. కన్ను నిలిపినప్పుడు మెల్లగా జారింది. ముందు బెంచీలలోని విద్యార్థులు మా అవస్థ చూచి నవ్వు ఆపుకొన్నారు.

మబ్బు కొరకు ఆకాశం వైపు చూడడం ఈ కరువు సీమలో అందరికీ అలవాటు. మబ్బు లేని ఆ తెల్లని వెలుగులోనే ఈ నీడలు మిక్కిలి స్పష్టంగా కనబడతాయి. "కంటి ముందు ఈగలు తిరుగుతున్నవి" అని మన పల్లెలలో అంటారు. లాటిన్ వైద్య గ్రంథాలలోనూ వీటి పేరు "ఎగిరే ఈగలు" అనే. నేటి వైద్యులు ఫ్లోటర్లు అంటున్నారు.

ఇవి బయటి వస్తువులు కావు. కనుగుడ్డు లోపల గాజువలె తేటగా ఉండే జిగురు పదార్థం కలదు. దానిలో నూటికి తొంబది ఎనిమిది పాళ్లు నీరే. వయసు పెరిగిన కొలది, హ్రస్వదృష్టి గలవారిలో మరికొంత ముందుగానే, అది పలుచబడి అందులోని సన్నని పోగులు ఉండకట్టుతాయి. వస్తువు నుండి వచ్చే వెలుగు కంటిలో ప్రవేశించడం వలననే చూపు కలుగుతుందని పదకొండవ శతాబ్దిలో కైరోలో ఇబ్నుల్ హైసమ్ తన "కితాబుల్ మనాజిర్" లో నిరూపించినాడు. ఆ వెలుగు దారిలో ఏది అడ్డుపడినా, దాని నీడ వెనుకనున్న నేత్రపటలంపై పడుతుంది. మనకు కనిపించే ఈగ ఆ నీడయే.

మేము ఒక పెద్ద నగరంలోని కంటి ఆసుపత్రికి వెళ్లినాము. "లేజరుతో ఒక్క పూటలో తుడిచివేస్తాము" అన్నారు. వారడిగిన రుసుము మా నెల జీతంలో సగానికి పైమాట. కనుపాప పెద్దది చేసి లోపలంతా చూడకముందే ఈ మాట అన్నందున మాకు సందేహం కలిగి, మరొక వైద్యుని ఆశ్రయించినాము. ఆయన చుక్కలమందు వేసి, నేత్రపటలం అంచుల వరకు పరీక్షించి, "భయము లేదు, అలవాటు పడండి" అని పంపినారు. పైకము మిగిలింది, నాలుగు మాసాలకు ఆ పోగునూ మరచినాము.

లేజరు చికిత్స బూటకమని మేము అనము. యాగ్ లేజరు శుక్లం శస్త్రచికిత్స అనంతరం మసకబారే పొరను తొలగించుటకు 1980ల నుండి వాడుకలో ఉన్నదే. దానితోనే ఈ పోగులను ఛేదించవచ్చును. అమెరికాలో చిరాగ్ షా, జెఫ్రీ హయర్ అనే వైద్యులు 52 మందిపై జరిపిన పరీక్షను 2017లో ప్రకటించినారు. 36 మందికి నిజమైన లేజరు, 16 మందికి ఉత్తుత్తి లేజరు. ఆరు మాసాల తరువాత, నిజమైన చికిత్స పొందినవారిలో 53 శాతం మంది చాలవరకు గాని పూర్తిగా గాని నయమైనదన్నారు. రెండవ వర్గంలో అట్లన్నవారు ఒక్కరూ లేరు. అయితే వారందరికీ ఉన్నది వలయాకారపు పెద్ద మచ్చ ఒక్కటే. పరీక్షించినది కొద్దిమందిని. గురి తప్పిన కిరణం కంటి కటకాన్ని తాకితే శుక్లం, నేత్రపటలాన్ని తాకితే గాయం. చదువుకు, పనికి నిజముగా ఆటంకమైనప్పుడు తప్ప, నీడను తుడుచుటకు కంటిని పణముగా పెట్టరాదని మా అభిప్రాయం.

కాని ఇంతటితో ముగిస్తే ఈ వ్యాసం వ్రాయవలసిన పని లేదు. మరుసటి ఏడు వేరుశనగ పెరికే రోజులలో మా మేనమామగారు ఫోను చేసి, "ఒక కంటిలో గుప్పెడు ఈగలు లేచినవి, మెరుపులు మెరుస్తున్నవి" అన్నారు. మేము నవ్వి, "మాకూ ఉన్నవి మామూ, అవే పోతాయి" అన్నాము. ఆయన సుర్మా పెట్టుకొని పొలానికి పోయినారు. తొమ్మిదవ నాడు ఒక ప్రక్కనుండి నల్లని తెర దిగినది. శస్త్రచికిత్స జరిగినది గాని, నేడు ఆ కంటికి చేతి కదలిక తప్ప మరేమీ తెలియదు. నేత్రపటలం చిరిగిన తొలి రోజులలోనే వచ్చి ఉంటే లేజరుతో చిరుగు చుట్టూ అతికి ఆపగలిగేవారమని వైద్యులు చెప్పినారు. మామూ ఒక్క మాట అనలేదు. మా సగము తెలివి చేసిన కీడు అది.

ఇదే వింత. అక్కరలేని నీడకు లేజరు కొరకు నగరాలకు పరుగెత్తుతాము. అక్కరైన చిరుగుకు లేజరు అందుకొనము. హఠాత్తుగా ఈగలు, మెరుపులు కనిపించిన ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరికి నేత్రపటలం చిరిగి ఉంటుందని పరిశోధనలు తెలుపుతున్నవి. నొప్పి ఉండదు, కావున నమ్మకం కలుగదు. మధుమేహం గలవారిలో ఈ నీడలు రక్తస్రావానికి గుర్తు కావచ్చును. అట్టి కళ్లను కాంతి చికిత్సతో కాపాడవచ్చునని అమెరికాలో 1976లోనే రుజువైనది.

మన జిల్లాకు కంటి పథకాలు కొత్త కాదు. వైఎస్సార్ కంటివెలుగు 2019 అక్టోబరు 10న అనంతపురంలోనే ప్రారంభమై బడిపిల్లల కళ్ల పరీక్షతో మొదలైనది. పుట్టపర్తిలో 1991లో వెలసిన ఉచిత వైద్యశాలలో నేత్ర విభాగం కలదు. అయితే అద్దాలకై అక్షరాలు చదివించుట వేరు, కనుపాప తెరిచి లోపల చూచుట వేరు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఏడాదికి ఒకనాడు, దళసరి కళ్లద్దాలు గల విద్యార్థులకు, మధుమేహం గల సిబ్బందికి, విద్యార్థుల తల్లిదండ్రులకు అట్టి పరీక్ష ఏర్పాటు చేయండి. గ్రంథాలయ ద్వారం వద్ద ఉర్దూలోను తెలుగులోను ఒక పలక కట్టించండి: "కొత్తగా ఈగల గుంపు, మెరుపు, తెర: ఈ మూటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి వైద్యుని వద్దకు."

విద్యార్థులారా, ఇంటిలో పెద్దలు కంటి ముందు ఈగలున్నవంటే మావలె నవ్వకండి. "ఎప్పటినుండి? మెరుపులున్నవా?" అని రెండు ప్రశ్నలు అడగండి. మేము ఆనాడు అడగనివి ఆ రెండే.