ఆరోగ్య శీర్షిక: గుండెకు రక్తం అందుతోందా?



మన సూళ్లూరుపేట ప్రాంతంనుండి ఛాతీనొప్పితో రైలెక్కి చెన్నై వెళ్లినవారిలో కొందరికి, "గుండెకు ఎం.ఆర్.ఐ. తీయాలి" అని డాక్టర్లు చెబుతారు. ఆపరేషనేమోనని భయపడి తిరిగి వచ్చేయవద్దని మా మనవి.

ఇందులో కోత లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలతో చిత్రాలు తీస్తారు. చేతి నరంలోకి గడోలినియం కలిసిన మందు ఎక్కిస్తారు. అది రక్తంతో కలిసి గుండె కండరంలోకి పారుతుంది. గట్టుమీద నిలబడితే నీరందని మడి తెలిసినట్టే, రక్తం సరిగా అందని భాగం చిత్రంలో నల్లగా కనబడుతుంది. కొందరికి అడినోసిన్ అనే మందిచ్చి, రక్తనాళాలు విప్పారినప్పుడు చూస్తారు. అందుకోసం ముందురోజునుండే కాఫీ, టీ మానమంటారు.

గొట్టంలాంటి యంత్రంలో కదలక పడుకోవాలి. పెద్ద చప్పుడు వస్తుంది. చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టాలి. నగలు, పిన్నులు తీసేయాలి. పేస్‌మేకర్, ఒంట్లో ఇనుపముక్క, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు, గర్భం, వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పాలి. దాచితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఒకమాట మరువవద్దు. నొప్పి ఇప్పుడే మొదలై, చెమటలు పడుతుంటే ఈ పరీక్షకోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చండి.

హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద కట్టారు. మనమూ ప్రార్థన మానవద్దు, పరీక్షా మానవద్దు.