కత్తి మెరుపూ, ఉక్కు మేలిమీ

గడచిన వార్షికోత్సవానికి కొద్ది రోజుల ముందు మన విద్యార్థి ఒకడు హైదరాబాదులో కొని తెచ్చుకొన్న జపాను ఖడ్గాన్ని గురించి నాతో ప్రస్తావించి, "సార్, అది మంచిదో కాదో మీరు చూచి చెప్పాలె" అని అడిగినాడు. అటువంటి వస్తువును కళాశాల ఆవరణలోనికి తేరాదని మందలించి, సాయంత్రం వాని గదికే పోయి చూచినాను. నల్లని ఒర, ఎర్రని తాడు అల్లిన పిడి, ముఖం కనిపించేటంత నునుపైన అలుగు. దానిని కటానా అంటారనీ, వెల ఇంతనీ అతడే ముందుగా చెప్పినాడు. సరిగ్గా అదే వారంలో, అతిథులకు శాలువలకు బదులు ఇటువంటి ఖడ్గాలను జ్ఞాపికలుగా ఇస్తే శోభాయమానంగా ఉంటుందని కార్యవర్గంలో ఒక సూచన వచ్చింది. నేను ఇరువురికీ ఏమీ చెప్పలేక ఊరకున్నాను. ఈ వ్యాసంతో ఆ బాకీ తీర్చుకొంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. మెరుపును చూచి కొత్త కత్తిని కొనేవాడు మోసపోతాడు. మెరుపు కోసం పాత కత్తిని తోమేవాడు దానిని చంపుతాడు. మొదటిది డబ్బు నష్టం, మళ్లీ సంపాదించుకోవచ్చు. రెండవ తప్పు నేను స్వయంగా చేసినాను. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

కటానాకు జపానులో ఉన్న గౌరవం వట్టిదేమీ కాదు. ఇనుప ఇసుకనూ బొగ్గునూ మట్టికొలిమిలో కరగించి తమహగనె అనే ఉక్కును తీస్తారు. ముక్కలుగా పగులగొట్టి, మంచివి ఏరి, కాల్చి, సాగగొట్టి, మడతపెట్టి, మళ్లీ సాగగొడతారు. పది మడతలకు పొరలు వెయ్యి దాటుతాయి. ఈ మడతలలో ఏదో మంత్రశక్తి ఉన్నదని మన విద్యార్థులు నమ్ముతున్నారు. కొలిమి ఉక్కులో మిగిలిన చిట్టెమును వెడలగొట్టి, కర్బనాన్ని అంతటా సమంగా పంచుటకు పడిన శ్రమ అది. నేటి కర్మాగారపు ఉక్కు ముందే సమంగా ఉంటుంది గనుక, దానిని మడతపెడితే వచ్చేది చూపులకు అందమే గాని అదనపు బలం కాదు.

అసలు నేర్పు తరువాత ఉన్నది. అలుగు వెన్నుకు మట్టిని మందంగానూ, వాదరకు పలుచగానూ పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతారు. వాదర చటుక్కున చల్లబడి గట్టిపడుతుంది. వెన్ను నిదానంగా చల్లారి మెత్తగా నిలుస్తుంది. కత్తికి ఆ వంపు పూర్తిగా వచ్చేదీ ఈ క్షణంలోనే, పగిలిపోయేదీ ఈ క్షణంలోనే. గట్టి భాగం, మెత్తని భాగం కలిసే చోట తెల్లని పొగమంచు వంటి గీత ఏర్పడుతుంది. దానిని హామోన్ అంటారు. బజారు కత్తులపై ఇదే గీతను ఆమ్లంతోనో తీగబ్రష్షుతోనో గీస్తారు. దీపం ఎదుట అలుగును అటూ ఇటూ వంచి చూస్తే నిజమైన గీతలో సన్నని మెరుపు చుక్కలు, లోతు కనిపిస్తాయి. గీసిన గీత ఏ వెలుతురులోనైనా ఒకే తీరుగా చదునుగా ఉంటుంది.

1876లో జపాను ప్రభుత్వం సామాన్యులు ఖడ్గం ధరించరాదని శాసించినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం యంత్రాలపై రాసులుగా కత్తులు చేసినారు. వాటిని కళాఖండాలుగా అక్కడివారే లెక్కించరు. నేడు జపానులో ఈ వృత్తి చేయుటకు ప్రభుత్వ అనుమతి కావలెను. అందుకు ఏండ్ల తరబడి శిష్యరికం చేయవలెను. అనుమతి ఉన్న కమ్మరి కూడా నెలకు రెండు పొడుగు కత్తులకు మించి చేయరాదు. 1977లో పునరుద్ధరించిన సాంప్రదాయిక కొలిమి నుండి వీరికి ఉక్కు అందుతున్నది. నెలకు రెండు కత్తులు చేసే మనిషి పని మన బజారులో వేలాడే కత్తులలో ఉంటుందా అని మా విద్యార్థిని అడిగినాను. అతడు నవ్వినాడు గాని కత్తిని మాత్రం దాచిపెట్టలేదు.

అంతమాత్రాన నవీన ఖడ్గాలన్నీ పనికిమాలినవని నేను అనను. సాదా కర్బనపు ఉక్కుతో, లేదా స్ప్రింగు ఉక్కుతో శ్రద్ధగా చేసినవి ఉన్నాయి. కర్బనం నూటికి అర పాలు మొదలు ఒక పాలు దాకా ఉండి, పదును సరిగా పెట్టినది అయితే అది కత్తియే. వెండివలె మెరిసే, తుప్పు పట్టని ఉక్కుతో చేసిన రెండడుగుల అలుగు గోడకు వేలాడదీయుటకే తగును. వంటింటి చాకుకు అది మేలే గాని, అంత పొడుగున దెబ్బకు పెళుసై విరుగుతుంది. తుప్పు పట్టదని దుకాణదారు గొప్పగా చెప్పినప్పుడే కొనేవాడు మేలుకోవలెను.

అన్నిటికన్న నిజం చెప్పేది కనిపించని భాగం. పిడిలోనికి దిగే ఇనుప తోకను చూడవలెను. మంచి కటానాలో అలుగూ తోకా ఒకే ఉక్కు. తోక పిడిలో చాలా దూరం దిగి ఉంటుంది. దానిని పట్టి ఉంచేది చిన్న వెదురు చీల. చీల తీస్తే పిడి ఊడివస్తుంది, కమ్మరి పేరు చెక్కిన చోటు కనిపిస్తుంది. మా విద్యార్థి కత్తికి ఉన్న చీలను తీసి చూచినాము. లోపల చిటికెనవేలంత కమ్మీ ఒకటి అలుగుకు అతికి ఉన్నది. గట్టిగా విసిరితే అలుగు ఎవరి మీదికి పోయేదో భగవంతునికే తెలియవలెను. కత్తిని ముందు తిరగవేసి చూచిన పిమ్మటనే చేత పట్టవలెనని ఆనాడు మాకిద్దరికీ అర్థమైనది.

ఇంకొక విశేషం. పాత జపాను కత్తి తోకపై నల్లని తుప్పు ఉంటుంది. దానిని అక్కడివారు ప్రాణం పోయినా తోమరు. ఆ తుప్పు రంగు, మందం చూచి కత్తి వయస్సును నిర్ణయిస్తారు. అలుగును మాత్రం చేతితో తాకరు. మెత్తని కాగితంతో తుడిచి, పలుచగా లవంగ నూనె కలిసిన నూనె పూసి, సాదా కొయ్య ఒరలో ఉంచుతారు. తోలు ఒర తేమను పీలుస్తుంది గనుక నిలువకు పనికిరాదు. మన ఇండ్లలో కొబ్బరినూనె పూసే అలవాటున్నది. అది కాలక్రమాన జిగురై పట్టుకొంటుంది. దాని కన్న కుట్టుమిషను నూనె మేలు. దసరా పూజలో కత్తిపై పెట్టిన తడి పసుపు, కుంకుమ, నిమ్మరసం ఆ రాత్రే తుడిచివేయకపోతే తెల్లవారేసరికి మచ్చ పడుతుంది. పూజ వద్దని కాదు, తుడువవలెనని మనవి.

ఇది పరదేశపు ఆచారమని తోసివేయకండి. ఆరవ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఖడ్గలక్షణానికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. ఏబది అంగుళాల ఖడ్గం ఉత్తమమనీ, ఇరువది అయిదు అంగుళాలది అధమమనీ కొలత చెప్పినాడు. ఆయన అంగుళం మన వేలి వెడల్పు. అరటి బూడిద కలిపిన మజ్జిగను ఒక రోజు నిలువ ఉంచి దానితో పదును పెట్టే విధానమూ వివరించినాడు. నాకు నచ్చినది వేరొకటి: నిష్కారణంగా ఒర దూయరాదు, అలుగులో ముఖం చూచుకోరాదు, దాని వెల చెప్పరాదు, శుచిగా లేని చేతితో తాకరాదు అంటాడు. చెమట చేయి ఉక్కును తింటుందని కమ్మరికి తెలిసిన సంగతినే శాస్త్రం ఆచారంగా చెప్పినదని నా ఊహ. మా విద్యార్థి వెల చెప్పినాడు, ముఖమూ చూచుకొన్నాడు!

బల్మూర్‌లో నా బాల్యంలో మా ఇంటికి నాలుగిండ్ల అవతల కమ్మరి కొలిమి ఉండేది. లారీల కమాన్ పట్టీలను ముక్కలు చేసి ఆయన కొడవండ్లు, గొడ్డండ్లు చేసేవాడు. నల్లమల అంచున ఉన్న ఊరు గనుక అడవికి పోయే చెంచులు కూడా తమ గొడ్డండ్లకు పదును పెట్టించుకొనుటకు వచ్చేవారు. పని పూర్తయిన కొడవలిని దాగలి అంచుకు తాకించి, "సప్పుడు ఇను బిడ్డా, లోపల పగులుంటే బొంగురు పల్కుతది" అనేవాడు. ఆకురాయితో వాదరను ఒక్కసారి గీసి చూచేవాడు. జారితే పదును వచ్చినట్లు, కోస్తే మళ్లీ కొలిమికి. ఆయన చేసిన కొడవలి మెరిసేది కాదు. సానపట్టిన అంచు తప్ప మిగిలినదంతా నల్లగానే ఉండేది. హైదరాబాదు దుకాణపు కటానాను ఆ దాగలి మీద నిలబెట్టి ఉంటే ఆయన ఏమనేవాడో ఊహించగలను గాని ఇక్కడ వ్రాయలేను.

ఇక నా తప్పు. మా ఇంటి అటకమీద తాతగారి నాటి తల్వారు ఒకటి ఉండేది. అలుగునిండా బూడిదరంగు గీతలు, నీటి అలలవలె. నేను ఇంటర్మీడియెట్ చదువుతున్న రోజులలో, ఎవరో చుట్టాలు వస్తున్నారని, అవి మరకలనుకొని చింతపండు, ఇటుకపొడి పెట్టి రెండు రోజులు తోమినాను. అద్దమైనది. పిడి వదులుగా ఉన్నదని ఒక వెల్డింగు దుకాణానికి తీసికొనిపోయి అతికించి తెచ్చినాను. ఇంట్లో అందరూ మెచ్చుకొన్నారు. మా నాయన మాత్రం ఏమీ అనలేదు.

చాలా ఏండ్ల తరువాత సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల విభాగం చూస్తూ ఉండగా ఒక తల్వారుపై అవే అలలు కనిపించినవి. నా వెంట వచ్చిన ఉర్దూ శాఖ మిత్రులు, "దీనినే జౌహర్ అంటారండీ, రత్నానికీ, మనిషి ప్రతిభకూ, ఉక్కులోని ఈ అలలకూ మా భాషలో ఒకే మాట" అన్నారు. నేను అక్కడే కొంతసేపు కూర్చుండిపోయినాను.

ఆ అలలు పైపూత కావు. మూసలో కరగించి మెల్లగా చల్లార్చిన, కర్బనం నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉన్న ఉక్కును తక్కువ వేడిమిలో సాగగొట్టినప్పుడు లోపలి కర్బన సమ్మేళనాలు వరుసలు కట్టి ఏర్పడేవి. ఆ ఉక్కుకు పేరుపడిన చోట్లలో మన తెలంగాణం ఒకటి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో దానిని చేసే విధానాన్ని వైసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు చూచి వ్రాయగా 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. పారశీక వర్తకులు ఆ ఉక్కు కోసం కోనసముద్రానికి వచ్చేవారు. డమాస్కస్ కత్తి అని లోకం పొగిడినది ఈ జాతి ఉక్కునే. విద్యుచ్ఛాస్త్రంలో మనం పేరు చదివే మైకేల్ ఫారడే కూడా దాని రహస్యం కోసం 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేసినాడు. ఐరోపావారు వూట్జ్ అన్న మాట మన "ఉక్కు" నుండి పోయినదేనని పండితుల అభిప్రాయం.

ఇటుకపొడి చేసిన అపకారం సరిదిద్దవచ్చునట. నేర్పరి తగు ద్రావకం పూస్తే లోపలి అలలు మళ్లీ బయటపడతాయి. వెల్డింగు మంట చేసినది అటువంటిది కాదు. ఎర్రగా కాలిన చోట ఆ వరుసలు కరగిపోతాయి, మళ్లీ రావు. పైగా తల్వారు పిడిని లక్కతో బిగిస్తారు. కొద్దిగా వేడిచేస్తే లక్క మెత్తబడి, చల్లారితే మళ్లీ పట్టుకొనేది. ఆ మాత్రం అడిగి తెలుసుకొనే ఓపిక నాకు లేకపోయినది.

కార్యవర్గం వారికి నా విన్నపం: అతిథులకు ఖడ్గాలు ఇవ్వకండి. చట్టం దృష్ట్యా కూడా తొమ్మిది అంగుళాలకు మించిన అలుగు ఆయుధాల జాబితాలో చేరుతుంది. సేద్యపు పనిముట్లకు, ఇంటి సామానుకు మినహాయింపు ఉన్నది. ఇవ్వదలచితే మన ప్రాంతపు కమ్మరితో మంచి కొడవలి చేయించి ఇవ్వండి. ఆ ధనంలో మిగిలినదానితో ఒక బస్సు మాట్లాడి విద్యార్థులను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసికొనిపోండి. అక్కడ జపాను కత్తులూ ఉన్నాయి, మన తల్వార్లూ ఉన్నాయి.

విద్యార్థులకు ఒక పని అప్పగిస్తాను. మీ మీ గ్రామాలలో అటకలమీద, దేవుని గదులలో, పీర్ల చావిళ్లలో పాత కత్తులు ఎక్కడెక్కడ ఉన్నాయో అడిగి వ్రాసి పెట్టండి. వచ్చే పండుగకు వాటిని తోమబోయే చేతిని మర్యాదగా ఆపండి. నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దానిని దేశం దాటించరాదని పెద్దలకు తెలుపండి.

మా తాతగారి తల్వారు ఇప్పుడు నూనెగుడ్డ చుట్టి పెట్టెలో ఉన్నది. పిడి వైపు జానెడు మేర పోయినట్లే. కొనవైపు మిగిలిన అలుగులో జౌహర్ ఉన్నదో లేదో తెలిసినవారికి చూపవలెనని, వచ్చే సెలవులలో దానిని హైదరాబాదుకు తీసికొనిపోదలచినాను.