డోర్ ప్యాడ్ విప్పడానికి బీటెక్ చాలదా?

కారులో కంపెనీ ఇచ్చిన స్పీకర్లు తీసేసి వేరేవి పెట్టుకోవడం ఇంట్లో చేసుకునే పని. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, ఒక శనివారం మధ్యాహ్నం ఉంటే చాలు. ఈ మాట ఏ ఐటీ ఆఫీసు క్యాంటీన్లో అన్నా మూడంటే మూడే జవాబులొస్తాయి. "వారంటీ పోతుంది బాస్." "దానికి షాపులున్నాయి కదా." "నా టైమ్‌కి అది వర్త్ కాదు." ఈసీఈ చదివినవాడూ ఇదే అంటాడు, ఈఈఈ చదివినవాడూ ఇదే అంటాడు. ఆ తర్వాత మంచి సౌండ్ కావాలని పై వేరియంట్‌కి బోల్డంత ఎక్కువ కట్టి వస్తాడు :)

ఈ మూడు జవాబుల మీద నాకున్న కోపం ఇవాళ ఇక్కడ దించుకుంటాను.

ముందు అసలు సరుకు సంగతి. చాలా మామూలు కార్ల డోర్‌లో ఉండే స్పీకర్ బయటికి తీసి అరచేతిలో పెట్టుకోండి. పల్చటి పేపర్ కోన్, ప్లాస్టిక్ ఫ్రేమ్, వెనక చిన్న మాగ్నెట్. బరువే ఉండదు. కంపెనీని తిట్టక్కర్లేదు, వాళ్ళ లెక్క వాళ్ళది. టెస్ట్ డ్రైవ్‌లో ఏసీ ఫుల్లు, పక్కన సేల్స్ కుర్రాడి మాటలు. ఆ గోలలో స్పీకర్ ఎలా ఉందో ఎవడు వింటాడు? కాబట్టి ఖర్చు తగ్గించుకోవడానికి అది మంచి చోటు. కానీ పేరున్న కంపెనీల 6.5 అంగుళాల కోయాక్సియల్ జత మూడు నాలుగు వేల నుంచే దొరుకుతోంది. ఆ తేడా వినడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు, చెవులుంటే చాలు.

వారంటీ బూచి

చిన్నప్పుడు అన్నం తినకపోతే బూచాడొస్తాడు అనేవాళ్ళు. ఇప్పుడు షోరూముల్లో "వైర్ ముట్టుకుంటే వారంటీ పోతుంది సార్" అంటున్నారు. ఏ వారంటీ పోతుందయ్యా? గేర్‌బాక్స్‌దా? డోర్‌లో స్పీకర్ మారిస్తే గేర్‌బాక్స్‌కి ఏమవుతుంది? అని అడిగితే మాత్రం సర్వీస్ అడ్వైజర్ దగ్గర జవాబుండదు.

వారంటీ పుస్తకం తెరిచి చదవండి. మామూలుగా అందులో ఉండేది, మీరు చేసిన మార్పు వల్ల పాడైతే దానికి మేం బాధ్యులం కాదు అని. అది న్యాయమే. దాన్ని "మొత్తం వారంటీ గోవిందా" అని మార్చి చెప్పేది కౌంటర్ దగ్గర.

ఇది నా ఒక్కడి వాదన కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి కలిపి రూ. 2,500 కోట్లు దాటిన జరిమానా వేసింది. విడిభాగాలూ, రిపేర్ సమాచారమూ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారన్నది కేసు. బయట రిపేర్ చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే షరతు పెట్టకూడదు, ఆ రిపేర్ సరిగ్గా చేయక జరిగిన నష్టం మేరకే కాదనొచ్చు అని ఆ ఆదేశంలోనే ఉంది. కంపెనీలు దాని మీద అప్పీళ్ళకి వెళ్ళాయి, కాబట్టి ఆ కాగితం పట్టుకెళ్ళి షోరూమ్‌లో గెలిచేస్తారని నేననను. కానీ ఏది న్యాయం అన్న ప్రశ్నకి ఒక జవాబైతే వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే 1975 నుంచే మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. ఫలానా బ్రాండ్ విడిభాగమే వాడితేనే వారంటీ అని కంపెనీ మామూలుగా షరతు పెట్టడానికి లేదు. అక్కడ ఉండి కూడా డీలర్ మాటకి వణికేవాళ్ళని ఏమనాలి?

వైరు కోస్తే మాత్రం షోరూమ్ వాడికి నిజంగానే ఒక సాకు దొరుకుతుంది. కోయకండి. కంపెనీ కనెక్టర్‌కి సరిపోయే అడాప్టర్ వైర్లు చాలా మోడల్స్‌కి దొరుకుతాయి. పాత స్పీకర్లు అట్టపెట్టెలో దాచుకోండి. కారు అమ్మేటప్పుడు అరపూటలో మళ్ళీ పెట్టేయొచ్చు.

"షాపులున్నాయి కదా"

ఉన్నాయి. కొందరు చాలా శ్రద్ధగా చేస్తారు, వాళ్ళ జోలికి నేను పోను. కానీ ఎక్కువ చోట్ల జరిగేదేంటంటే కనెక్టర్ కట్ చేసి, వైర్లు మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. రెండు ఎండాకాలాలు పోయాక ఆ టేపు జిగురు కారి ఊడుతుంది. డోర్ లోపల ఉండే ప్లాస్టిక్ షీట్ చింపి పారేస్తారు. అది ప్యాకింగ్ కవర్ కాదండీ. అద్దం పక్కనుంచి డోర్‌లోకి దిగే వాననీళ్ళు కింద ఉన్న కంతల్లోంచి బయటికి పోవాలి, కారు లోపలికి రాకూడదు. దానికే ఆ షీట్. అది చింపితే వానాకాలంలో మ్యాట్ తడిసి కంపు కొడుతుంది, మీరేమో సన్‌రూఫ్‌ని అనుమానిస్తారు.

ఇక వాట్లు. "సార్ ఇది 350 వాట్స్" అనగానే తలూపే ఇంజనీర్లని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. స్టీరియో డబ్బా మీద "50 వాట్స్ ఇంటూ 4" అని ఉంటుంది. లెక్క వేద్దాం, ఇంటర్ ఫిజిక్స్ చాలు. ఇంజన్ నడుస్తుంటే కారులో సుమారు 14.4 వోల్టులు. దాని వర్గం 207. 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రమైన సైన్ వేవ్ ఇస్తే గరిష్ఠంగా వచ్చేది 207 బై 8, అంటే 26 వాట్లు. ఆంప్లిఫయర్‌లో పోయేది పోగా 20 దగ్గర ఆగుతుంది. మరి ఆ 50 ఎక్కడిది? అదే 207ని 4తో భాగించండి, 52 వచ్చింది కదా! అంటే వేవ్ తలా కాళ్ళూ కోసేసి స్క్వేర్ వేవ్ చేస్తే వచ్చే అంకె. అది పాట కాదు, రొద.

కాబట్టి స్పీకర్ మీద 350 అని ఉన్నా మీ స్టీరియో ఇచ్చేది ఆ 20 వాట్లే. చూడాల్సింది సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ అన్నది. 88 డెసిబెల్స్ స్పీకర్‌కి 40 వాట్లు ఇస్తే వచ్చే సౌండ్, 91 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లకే ఇస్తుంది. మూడు డెసిబెల్స్ అంటే పవర్ డబుల్. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, కౌంటర్ దగ్గర మర్చిపోతున్నాం.

"నా టైమ్‌కి వర్త్ కాదు"

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ఇదే. గంటకి తన బిల్లింగ్ రేట్ ఎంతో చెప్తాడు. శనివారం మధ్యాహ్నం ఏ క్లయింట్ బిల్ కడుతున్నాడు నాయనా? షాపుకి వెళ్ళి, వరసలో కారు పెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో మూడు గంటలు రీల్స్ చూస్తావుగా, ఆ టైమ్ ఎవరిది?

దీని వెనక ఇంకోటుంది, పైకి అనం. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం మన పని కాదు, అది "వాళ్ళ" పని అన్న భావం. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివించింది చేతికి మట్టి అంటకూడదనే అన్నట్టు పెరిగాం. వర్క్‌షాప్ ల్యాబ్ అంటే రికార్డ్ కాపీ కొట్టడమే. మెకానిక్ పొట్ట కొట్టమని నేను చెప్పట్లేదు. ఒక్కసారి స్వయంగా డోర్ విప్పి బిగించిన వాడు ఆ తర్వాత మెకానిక్‌తో బేరం తగ్గించి ఆడతాడు, మర్యాద పెంచి మాట్లాడతాడు. పని తెలియని వాడికే పని చేసేవాడు చులకన.

సరే, ఎలా?

మీ మోడల్ వీడియో ఒకటి ముందే పూర్తిగా చూడండి. హ్యాండిల్ వెనకా, ఆర్మ్‌రెస్ట్ కిందా మూతల లోపల స్క్రూలుంటాయి. మిగతాదంతా క్లిప్పులు, కింది అంచు నుంచి ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తో లాగాలి. క్లిప్ విరిగితే కంగారొద్దు, విడిగా దొరుకుతుంది. పవర్ విండో కనెక్టర్ ఊడదీయకుండా ప్యానెల్ గుంజకండి. కొన్ని కార్లలో స్పీకర్ రివెట్లతో ఉంటుంది, డ్రిల్ కావాలి.

కొత్తది బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి మాగ్నెట్‌కి తగలట్లేదని చూసుకోండి. రింగ్ ప్లాస్టిక్‌ది వాడండి, చెక్కది తడికి ఉబ్బుతుంది. ప్లస్ ఏదో అనుమానముంటే గోడ గడియారం బ్యాటరీ ఒక్క క్షణం ఆనించండి. ప్లస్‌కి ప్లస్ తగిలితే కోన్ బయటికి వస్తుంది. రెండు డోర్లలో ఒకటి తిరగబడితే బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. డబ్బులు మిగిలితే పెద్ద వాట్ల మీద కాదు, డోర్ రేకుకి అంటించే బ్యూటైల్ షీట్ మీద పెట్టండి. చివరగా ఆ ప్లాస్టిక్ షీట్‌ని దాని జిగురుతోనే తిరిగి గట్టిగా అంటించండి.

ఆగాల్సిన చోట్లూ ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని కార్ల డోర్లలో ఎయిర్‌బ్యాగ్ ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. అలాంటి డోర్‌లో కొత్త కంతలు పెట్టొద్దు, షీట్లు అంటించొద్దు. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ముందు అద్దం పక్కనున్న పిల్లర్ కవర్ ముట్టుకోవద్దు. కంపెనీయే వేరే ఆంప్లిఫయర్‌తో ఇచ్చిన ఖరీదైన సిస్టమ్ అయితే ఓమ్‌లు చూడకుండా ఏదీ మార్చొద్దు. ఇవి భయపడి మానేయడానికి కాదు, తెలుసుకుని చేయడానికి చెప్తున్నా.

ఏడేళ్ళ ఈఎమ్ఐ కడుతున్న కారు అది. దాని డోర్ లోపల ఏముందో చూసే హక్కు మీకుంది. షోరూమ్ వాడు ఒప్పుకోకపోవచ్చు, మీరైనా ఒప్పుకోండి.